కోటలో ఉప్పంగడి

కిందటి వారం మా తమ్ముడి కొడుకు శ్రీను కడప నుంచి వస్తూ నాకొక పుస్తకం తెచ్చాడు. వాడికి పాత పుస్తకాలు పోగుచేసే పిచ్చి ఉంది. ఎక్కడ ఇల్లు ఖాళీ చేస్తున్నారని తెలిసినా, ఎక్కడ అటకమీది పెట్టెలు దించుతున్నారని విన్నా అక్కడ వాలిపోతాడు. ఈసారి సంచిలోంచి దీన్ని తీసి నా ఒళ్ళో పెట్టి, "చూడత్తా, నీ రత్నాంగి దొరికింది" అన్నాడు. అట్ట మాసిపోయింది, వీపు దగ్గర కుట్టు బయటపడింది, అయినా మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా అంతా ఉంది. రత్నాంగి అనే పిల్ల ఉన్న నవల ఎక్కడైనా కనబడితే తెచ్చిపెట్టరా నాయనా అని వాడికి మీసాలు రాకముందు నుంచీ చెబుతున్నాను. ఆ నవల పేరేమిటో నాకు తెలియదు, రాసినవారెవరో తెలియదు, అది ఎలా ముగిసిందో కూడా తెలియదు. ఇన్ని తెలియకుండా ఒక పుస్తకాన్ని జీవితమంతా ఎలా వెతికానో చెప్పాలంటే మా తాత అంగడి సంగతి చెప్పాలి.

మా తాతకు బనగానపల్లె బజారులో కిరాణా అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు. మధ్యలో ఒక చీకటి గది. వేసవిలో ఆ గదినిండా వరిగడ్డి పరిచి మామిడికాయలు మాగబెట్టేవాళ్ళు. అందుకని మా ఇంట్లో ఏ వస్తువైనా సగం చింతపండు వాసన, సగం మామిడిపండు వాసన వేసేది. తాత తెల్లవారకముందే స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, అంగడి ముందు నీళ్ళు చల్లించి, తక్కెడకు సాంబ్రాణి పొగ చూపించి గద్దె మీద మఠం వేసుకుని కూర్చునేవాడు. మళ్ళీ మధ్యాహ్నం భోజనానికే లేవడం. లోపల మా అవ్వ జొన్నరొట్టెలు తట్టే చప్పుడు, బయట తాత "రాప్పా, ఏం గావాల?" అనే పిలుపు, ఈ రెండింటి మధ్య నేను పెరిగాను. మా అమ్మానాయనా వేరుశనగ వ్యాపారం చూసుకుంటూ ఊళ్ళు తిరిగేవాళ్ళు. నన్ను పట్టించుకునే తీరికున్నది తాతకూ అవ్వకూ మాత్రమే.

ఆ రోజుల్లో పొట్లాలు కట్టడానికి కాగితం కావాలంటే పాత పుస్తకాలు తూకానికి కొనేవాళ్ళు. మా ఊరికి వార్తాపత్రికలు వచ్చేవి తక్కువ. వచ్చినవాటిని జనం పెట్టెల్లో బట్టల కింద పరుచుకునేవాళ్ళు. కాబట్టి తాత అంగడికి చేరేవన్నీ పుస్తకాలే. పాఠ్యపుస్తకాలు, పాత పంచాంగాలు, నవలలు, మాసపత్రికలు అన్నీ ఒకే గోతాంలో వచ్చేవి. తాతకు చదువు వచ్చు గాని అది లెక్కలు రాసుకునేంత వరకే. పుస్తకంలో కథ ఉంటుందని ఆయనకు తెలుసు. అది తనకు సంబంధించిన సంగతి కాదని కూడా తెలుసు. ఒక వెదురుబద్ద పెట్టుకుని, ఆకును దానిమీద మడిచి, ఒక్క లాగు లాగితే అంచు కత్తిరించినట్టు వచ్చేది. ఆ కాగితాన్ని ఒంటిచేత్తో చుట్టి, అడుగు మడిచి, మిరియాలు పోసి పైన మూసేవాడు. ఆ పొట్లం నేలమీద పడినా ఊడేది కాదు.

అయితే ఆయన పుస్తకాన్ని ముందు నుంచి చింపేవాడు కాదు. మా ఇళ్ళలో శ్రీకారం ఉన్న కాగితానికి కాలు తగలనివ్వరు. దీపావళికి కొత్త లెక్కల పుస్తకానికి పసుపు పూసి మొదటి పేజీలో శ్రీ అని రాస్తే ఇక ఆ పుస్తకం లక్ష్మితో సమానం. అచ్చుపుస్తకాల్లో కూడా మొదటి ఆకు మీద శ్రీకారమో, దేవుడి బొమ్మో, ఒక స్తుతో ఉండేది. తాత గోతాం విప్పగానే ప్రతి పుస్తకం నుంచీ ముందు అట్టతో సహా ఆ మొదటి ఆకును జాగ్రత్తగా వేరుచేసి, కళ్ళకద్దుకుని, దూలానికి వేలాడే గంపలో వేసేవాడు. వానలు పడి జుర్రేరు పారినప్పుడు అవ్వ ఆ గంపను తీసుకుపోయి పసుపుకుంకాలతో సహా ఏటిలో కలిపి వచ్చేది. పుస్తకం పేరూ రాసినవారి పేరూ అలా జుర్రేట్లో కొట్టుకుపోయేవి. మొదటి ఆకు దేవుడిది కనక అటువైపు నుంచి చింపడానికి తాతకు చెయ్యాడేది కాదు. బోర్లా తిప్పి, వెనక అట్ట పీకేసి, చివరి ఆకు నుంచి మొదలుపెట్టేవాడు. అంటే ఏ కథకైనా ముగింపే అన్నిటికంటే ముందు అమ్ముడుపోయేది.

నేను ముందు నుంచి చదువుకుంటూ పోయేదాన్ని, తాత వెనక నుంచి చింపుకుంటూ వచ్చేవాడు. ఇద్దరం పుస్తకం మధ్యలో ఎక్కడో కలుసుకునేవాళ్ళం. అప్పుడు నాకు ఏడుపు వచ్చేది, తాతకు నవ్వు వచ్చేది. "నేను చదివేసిన పేజీలు చింపు తాతా, చదవనివి ఎందుకు చింపుతాండావు?" అని ఒకసారి పోట్లాడాను. తాత నిదానంగా, "మొదటాకు తీసినాక రెండో ఆకే మొదటాకు అయితాది గదా మే. దాన్నెట్ల చింపేది?" అన్నాడు.

నాకు ఒకే ఒక అదను ఉండేది. బోణీ అయ్యేదాకా తాత కాగితం చింపడు. మొదటి బేరం వచ్చేలోపు వేళంతా నాది. ఉప్పుబస్తాల మీద బోర్లా పడుకుని కళ్ళు పరుగులు పెట్టించి చదివేదాన్ని. అంగడివాళ్ళ ఇంట్లో పుట్టి, దేవుడా ఈపొద్దు బేరం ఆలస్యంగా రావాల అని దండం పెట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ పరుగులో నేను చదివినదంతా కత్తులూ గుర్రాలూ మాంత్రికులూ సొరంగాలూనే. వెన్నెల వర్ణన వస్తే రెండాకులు ఒక్కసారే తిప్పేదాన్ని. ఎవరైనా కూర్చుని మాట్లాడుకుంటుంటే, ఎవరైనా అన్నం తింటుంటే, పిల్లకు తల దువ్వుతుంటే అవన్నీ నాకు అడ్డమే. ఎవరు చచ్చారు, ఎవరు గెలిచారు, ఎవరికి ఎవరితో పెళ్ళయింది, నాకు కావలసింది అంతే. తాత వెదురుబద్ద నన్ను వెనకనుంచి తరుముతుంటే వెన్నెల చూసే తీరిక ఎవరికుంటుంది?

రత్నాంగి పుస్తకం మామిడికాయలు మాగబెట్టే కాలంలో వచ్చింది. కర్నూలు రాజధాని అయిందని, కొడుక్కి అక్కడ కొలువు దొరికిందని, మా బజారులో ఉండే పింఛనుదారు ఒకాయన ఇల్లు ఎత్తేసి వెళుతూ ఒక గోతాం పుస్తకాలు తూకానికి వేశాడు. అందులో ఇది అన్నిటికంటే లావు. కొండమీద కోట. తండ్రి యుద్ధంలో చచ్చిపోతే కూతురు రత్నాంగి తలుపులు మూయించి లోపల ఉండిపోయింది. చుట్టూ శత్రువులు డేరాలు వేసుకుని కూర్చున్నారు. సొరంగం గుండా ఒక యువకుడు సైన్యం తేవడానికి బయటికి వెళ్ళాడు. అతను తిరిగొస్తాడా, ఈలోపు కోట పడిపోతుందా అన్నది కథ. నాకు తిండి సయించలేదు. రత్నాంగి బతకాలని అవ్వ దీపం ముందు నేనూ ఒక దండం పెట్టుకున్నాను.

"ఏం మే, అంత మునిగిపోయి చదువుతాండావు?" అని ఒక పొద్దు తాత అడిగాడు. బోణీ ఇంకా కాలేదు. నేను ఆయాసపడుతూ కథంతా చెప్పాను. తాత గడ్డం నిమురుకుంటూ విన్నాడు.

"ఆ కోట తలుపు మూసి ఎన్నాళ్ళాయె?"

"ఆర్నెల్లు."

"లోపల ఎంతమంది ఉండారు?"

"శానామంది తాతా. సైనికులు, చెలికత్తెలు, గుర్రాలు. ఏనుగు గూడా ఉండాది."

"మరి ఉప్పు?"

"ఉప్పేంది?"

"బియ్యమంటే గాదెలో పోసుకోని ఉండారనుకుందాం. కట్టెలు కొండమీదనే ఉంటాయి. ఉప్పు అట్ల కాదు గదా, వానకు చెమ్మ పట్టి కారిపోతాది. ఆర్నెల్లకు వాళ్ళకు ఉప్పు యాడినుంచి వస్తాది? ఎవరు తెస్తాండారు?"

"కతల్లో అవన్నీ ఉండవు తాతా!"

"ఉప్పు లేకుండా కత ఎట్ల జరుగుతాది మే?" అన్నాడు తాత, నిజంగానే అర్థంకాక. ఆయన ఉప్పు పాణ్యం స్టేషన్లో రైలు దిగి ఎద్దులబండ్ల మీద వచ్చేది. ఒక్క వాన ముందొస్తే బస్తాకు బస్తా నీరైపోయేది. ఆయన దిగులు ఆయనది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. కత్తులు దూస్తున్న చోటికి వచ్చి ఉప్పు అడిగే మనిషితో ఏం మాట్లాడతాం?

నరసింహ జయంతికి అహోబిలం వెళ్ళే బండ్లు మా బజారులో ఆగి సరుకు కొనుక్కునేవి. బెల్లం, బొరుగులు, కర్పూరం, దారిలో తినడానికి వేయించిన శనగలు. ఆరోజు తాతకు ఊపిరాడదు. అంతవరకు తాత చెయ్యి పడని రత్నాంగి పుస్తకాన్ని నేను పొద్దున కొంత చదివి, గుర్తుగా వేపపుల్ల పెట్టి, అవ్వ పిలిస్తే భోజనానికి లోపలికి వెళ్ళాను. అవ్వ ఆ ఏడు మొదటి మామిడిపండ్లు రసం పిండి అన్నంలో కలిపి పెట్టింది. తిన్నాక ఆ ఎండకు కళ్ళు వాటంతటవే మూతబడ్డాయి. లేచి అంగట్లోకి వెళ్ళేసరికి పుస్తకం వేపపుల్ల దాకా వచ్చేసింది. తాత ఆ పుల్లను దాటి చింపలేదు. అది ఆయన మర్యాద. కాని పుల్లకు అవతలిదంతా పొట్లాలై బజారులోకి వెళ్ళిపోయింది.

నేను ఏడవడానికి కూడా ఆగలేదు. ఎవరెవరు ఏమేం కొన్నారో తాతను అడిగి వీధిలోకి పరిగెత్తాను. మొదటి ఇంట్లో చింతపండు పొట్లం విప్పి చింతపండు నానబెట్టి, కాగితంతో పొయ్యి ముట్టించారు. ఆ పొయ్యిలో రత్నాంగి ఎన్ని పేజీలు కాలిందో తెలియదు. రెండోది హుసేన్‌బీ అవ్వ ఇల్లు. ఆమె మనవడికి కడుపునొప్పి అని వాము కొనుక్కుంది. పొట్లం ఇంకా గూట్లోనే ఉంది.

"అవ్వా, ఆ కాయితం నాకిస్తావా? వాము ఇంగోదాంట్లో పోసుకో."

"కాయితానికేం భాగ్యం బేటీ, తీసుకో. ఏముండాది దాంట్లో?"

"రత్నాంగి ఉండాది."

"ఎవురామె? మీ చుట్టమా?"

"చుట్టం కాదవ్వా. కోటలో చిక్కుకోని ఉండాది. చచ్చిపోతాదేమో."

హుసేన్‌బీ అవ్వ గుండెమీద చెయ్యి వేసుకుని, "అయ్యో పాపం, పరిగెత్తు మరి" అంది. ఆ ఆకు ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టుంది. వాము ఘాటుకు ముక్కు చీదుకుంటూ ఆ వీధి అరుగు మీదే చదివాను. శత్రువులు తలుపు బద్దలు కొట్టడానికి దుంగలు తెచ్చారు. సొరంగంలో వెళ్ళినవాడి జాడ లేదు. రత్నాంగి మెట్లు దిగి కోట తలుపు దగ్గరికి వచ్చి గడియమీద చెయ్యి వేసింది. అక్కడితో ఆకు అయిపోయింది. ఆ పుస్తకంతో తాత కట్టిన రెండో పొట్లం అదేనట, అంటే ఆ తర్వాతిదే చివరి ఆకు. వెనక్కి పరిగెత్తి తాతను అడిగితే, "దాంట్లో కర్పూరం కట్టిచ్చినా మే. అహోబిలం బండోళ్ళకు" అన్నాడు.

అవ్వ నన్ను దగ్గరికి తీసుకుని, "స్వామి సన్నిధికి పోయింది గదా, పుణ్యం లే" అంది. నాకు పుణ్యం వద్దు, ఆ చివరాకు కావాల అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆ తర్వాత తాతతో మాట్లాడడం మానేశాను. ఉప్పుబస్తాల వైపు వెళ్ళనేలేదు. తాత బేరం మధ్యలో లేచి లోపలికి తొంగిచూసేవాడని, "పాప తినిందా?" అని అవ్వను అడిగేవాడని, నా పేరు చెప్పి కలకండ ముక్క ఇచ్చి పంపేవాడని గుర్తుంది. కలకండ తినేదాన్ని. మాట్లాడేదాన్ని కాదు.

చివరికి ఒక సందెవేళ దీపం పెట్టాక తాత అంగడిని, ఆరోజు ఊళ్ళోనే ఉన్న మా నాయనకు వదిలేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయన అంగడి వదిలి రావడం అంటే మా ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చినట్టే లెక్క. "ఆ కత చివర నేను చెప్తా విను" అన్నాడు.

"నీకెట్ల తెలుసు?"

"తెలియకేమి. ఆ యమ్మ గడియ తీసింది."

"తీస్తే శత్రువులు చంపేస్తారు!"

"యాడ చంపుతారు? ఆర్నెల్లు ఎండకెండి వానకు తడిసి, చప్పిడికూడు తిని వాళ్ళ పానం ఇసిగిపోయింటాది. ఈ యమ్మ తలుపు తెరిచి, గుమ్మంలో తక్కెడ కట్టింది. ఉప్పంగడి పెట్టింది."

"అంగడా?"

"అంగడే. సొరంగంలో పోయినాడే ఆ పిల్లోడు, వాడు సైన్యం తెస్తానని పోయినాడంటివి గదా. సైన్యం యాడ దొరుకుతాది? వాడు ఉప్పు తెచ్చినాడు. బయటోళ్ళు వచ్చినారు, లోపలోళ్ళు వచ్చినారు, అందరూ వరస కట్టి నిలబడినారు. ఉప్పు దగ్గర కొట్లాట ఏముంటాది..."

"ఛీ, బాగలేదు!" అని చెవులు మూసుకున్నాను. "రాజకుమారి యాడన్నా అంగడి పెడ్తాదా?" అని అరుస్తూ లోపలికి పారిపోయాను. వెనకనుంచి తాత మెల్లగా, "అంగడి పెట్టుకుంటే తక్కువా మే?" అనడం వినిపించింది. ఆ మాటలో ఏముందో అప్పుడు నాకు తెలియలేదు. నాకు కావలసింది గుర్రాల డెక్కల చప్పుడు.

కొన్నాళ్ళకు కొత్త గోతాం వచ్చింది. తాత మామూలుగానే మొదటి ఆకులు తీసి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత పుస్తకాన్ని బోర్లా తిప్పి చివరి ఆకు కూడా జాగ్రత్తగా వేరుచేసి నన్ను పిలిచి చేతిలో పెట్టాడు. ఆరోజు నుంచి ప్రతి పుస్తకం చివరాకూ నాదే అయింది. వాటిని ఒక మేకుకు గుచ్చుకుని దాచుకున్నాను. మొదట్లో నాకు పట్టరాని సంతోషం. ఏ గోతాం వచ్చినా ముందు ముగింపులన్నీ చదివేసేదాన్ని. ఒకదాంట్లో పెళ్ళి, ఇంకోదాంట్లో పెళ్ళి, ఒకదాంట్లో ఎవరో కన్నుమూశారు, అందరూ తలలు వంచుకున్నారు, శుభం. ఎవరి పెళ్ళి? ఆ కన్నుమూసిన ఆయన బతికుండగా ఏం చేసేవాడు? అవి చెప్పే పేజీలన్నీ జీలకర్ర కింద పోయాయి. మేకు నిండేసరికి ముగింపులన్నీ ఒకటే ముగింపులా కనిపించడం మొదలయింది. ఎంత ఎదురుచూశానో అంతగా విసుగొచ్చింది.

అప్పుడే నాకు మధ్య పేజీల మీద కన్ను పడింది. పక్కిళ్ళవాళ్ళు విప్పేసిన పొట్లాల కాగితాలు అడిగి తెచ్చుకుని చదవడం మొదలుపెట్టాను. ముందూ వెనకా లేని ఒక ఆకులో ఒక తల్లి కొడుకు రాకకోసం అన్నం చల్లారకుండా పొయ్యిమీద పెట్టి కూర్చుంది. అంతే. ఆ కొడుకు వచ్చాడో లేదో తెలియదు. ఆ ఆకును నేను పారేయలేకపోయాను. ఇంతకు ముందైతే ఇలాంటి పేజీలను దాటేసి పరిగెత్తేదాన్ని కదా అని నాకే వింతగా అనిపించింది. రుచి మారడం అంటే ఒకరోజు పొద్దున లేచి కొత్త నాలుకతో కూర్చోవడం కాదు. ముందు పాతది చప్పబడాలి.

పెద్ద చదువుకు నన్ను కడపలో మా చిన్నమ్మ ఇంట్లో పెట్టారు. అక్కడ గ్రంథాలయం ఉండేది. మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా అన్నీ ఉన్న పుస్తకాలు నా చేతికి వచ్చింది అక్కడే. ఎవరూ తరమడం లేదని తెలిసినా చాలారోజులు ఊపిరి బిగబట్టుకునే చదివాను. కొంతకాలం హంతకుణ్ణి పట్టుకునే నవలలు మింగాను. ఆ తర్వాత ఏడుపు నవలలు. ప్రేమించినవాడు దూరమైతే కిటికీ దగ్గర కూర్చుని క్షీణించిపోయే ఆడపిల్లలు ఉండేవాళ్ళు వాటిలో. నేనూ మా చిన్నమ్మ కిటికీ దగ్గర కూర్చుని వాళ్ళకు తోడుగా క్షీణించడానికి ప్రయత్నించేదాన్ని. చిన్నమ్మ బొరుగులతో చేసే ఉగ్గాని ఆ ప్రయత్నాన్ని సాగనిచ్చేది కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం తాత మామిడిపండ్ల గంపతో కడపకు వచ్చాడు. నేను కళ్ళు వాచేలా ఏడుస్తూ చదువుతున్నాను. ఆయన కంగారుపడి, ఎవరికేమైందని అడిగాడు. పుస్తకంలోని పిల్ల మూడు నెలలుగా గదిలోంచి బయటికి రాకుండా ఏడుస్తోందని చెప్పాను.

"మూన్నెల్లా? మరి ఏం తింటాండాది?"

నాకు నవ్వు ఆగలేదు. ఏడుపూ నవ్వూ కలిసి పొలమారింది. తాత వీపు నిమిరి నీళ్ళు తాగించాడు. ఆ పుస్తకం మళ్ళీ ముట్టుకోలేదు. ఆ పిల్లకు ఎవరైనా అన్నం పళ్ళెం తెస్తారేమో అని పేజీలు తిరగేశాను గాని ఎక్కడా ఎవరూ తేలేదు. సాయంత్రం ఆయన్ను బండెక్కించడానికి వెళ్ళినప్పుడు ఎందుకో అడిగాను. "తాతా, రత్నాంగి అంగడి ఏమాయె?" అని.

తాత తడుముకోలేదు. పక్కవీధిలోని మనిషి సంగతి అడిగినట్టే, "ఏమైతాది మే, జరుగుతాండాది" అన్నాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

ఆ తర్వాత పెళ్ళి, ఎర్రగుంట్ల, సిమెంటు ఫ్యాక్టరీలో మా ఆయన ఉద్యోగం. అక్కడ పుస్తకం తెరిచిపెట్టి వంటింట్లోకి వెళ్ళి వస్తే పేజీమీద తెల్లటి దుమ్ము పేరుకునేది. ఊదుకుని చదివేదాన్ని. అన్నం ఉడికేలోపు కొంత, పిల్లలు పడుకున్నాక కొంత. అలా తునకలు తునకలుగా చదివే మనిషికి ముగింపు తొందర ఉండదు. నాకు నెమ్మదైన పుస్తకాలు నచ్చడం మొదలయింది. ఒక ఇల్లు, నలుగురు మనుషులు, ఎవరో ఏదో పని చేసుకుంటూ మాట్లాడుకునే పుస్తకాలు. వెన్నెల వర్ణనలు కూడా చదివాను, ఒకప్పుడు దాటేసినందుకు వడ్డీతో సహా. ఏ పుస్తకం తెరిచినా నాకు తెలియకుండానే మొదట అడిగే ప్రశ్న ఒకటే. ఈ ఇంట్లోకి ఉప్పు ఎవరు తెస్తారు? దానికి జవాబు తెలిసిన రచయితను చివరిదాకా నమ్మాను. తెలియని రచయితను గౌరవంగా పక్కన పెట్టాను. నేను రాయడం మొదలుపెట్టాక నా కథల్లో ఏమీ జరగదని, ఎంతసేపూ ఎవరో ఒకరు సరుకులు తెచ్చుకుంటుంటారని కొందరు విసుక్కున్నారు. వాళ్ళు మా తాతను చూడలేదు కదా.

శ్రీను తెచ్చిన పుస్తకాన్ని నేను వెంటనే ముగింపుకు తిప్పకపోవడం చూసి వాడు ఆశ్చర్యపోయాడు. సెలవులని కూతురు సింధును నా దగ్గర వదిలి వెళ్ళాడు. దానికి తొమ్మిదేళ్ళు. రోజూ మధ్యాహ్నం నేను చదువుతుంటే అది నా మంచం మీద బోర్లా పడుకుని వినేది. కోట వర్ణన వస్తే కాళ్ళు ఊపుతూ, "అది వదిలెయ్ అవ్వా, కొట్లాట యాడుండాదో ఆడికి పో" అనేది. నేను వదలలేదు. నిజానికి ఆ వర్ణనలే నాకు కొత్తగా ఉన్నాయి. అప్పట్లో వాటిని నేను చదివితే కదా. మధ్యలో ఒకచోట చెలికత్తె రత్నాంగికి తల దువ్వుతూ తన ఊరి సంగతులు చెబుతుంది. ఎంత బాగుందో. చిన్నప్పుడు ఆ పేజీలను ఒక్క ఊపులో దాటేసి ఉంటాను. గడియ మీద చెయ్యి వేసిన చోటు రాగానే ఆగాను. సింధు లేచి కూర్చుంది. ఆకు తిప్పాను.

సొరంగంలో వెళ్ళినవాడు సరిగ్గా అదే క్షణంలో గొప్ప సైన్యంతో వచ్చాడు. శత్రువులు పారిపోయారు. ఆకాశం నుంచి పూలు రాలాయి. పెళ్ళయింది. శుభం. ఇంతే. నా మేకుకు గుచ్చిన ముగింపుల్లో ఇదీ ఒకటి అయ్యుండేది. బాధ కలగలేదు. చిన్నప్పటి ఆ పిల్ల పక్కన కూర్చుని ఉంటే ఎంత గంతులేసేదో అనిపించింది. ఆ గంతులు సింధు వేసింది. మంచం మీద లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"ఆ తర్వాత?" అంది.

అంతే, శుభం అనాల్సింది. నోరు ఊరుకోలేదు. "ఆ తర్వాత రత్నాంగి కోట గుమ్మంలో అంగడి పెట్టింది" అన్నాను.

"అంగడా? ఏమమ్ముతాది?"

"ఉప్పు."

సింధు మొహం చిట్లించి, రెండు చేతులతో చెవులు మూసుకుని, "ఛీ, బాగలేదు అవ్వా!" అంది. నాకు నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దానికి అర్థం కాలేదు. కావలసిన పనీ లేదు. ఈ వయసుకు దానికి గుర్రాలూ పూలవానా చెల్లుతాయి. తాత ఆ సందెవేళ అంగడి వదిలి వచ్చి నాకిచ్చింది ఎంత పెద్దదో తెలియడానికి నాకే ఇన్నాళ్ళు పట్టింది.

నిన్న శ్రీను వచ్చి సింధును తీసుకెళ్ళాడు. పుస్తకం కూడా దానికే ఇచ్చేశాను. ఆటో ఎక్కబోతూ సింధు మళ్ళీ వెనక్కి వచ్చి, పెద్దగా పట్టనట్టు, ఎటో చూస్తూ అడిగింది.

"అవ్వా, ఆ ఉప్పంగడి ఇంగా ఉండాదా?"

"ఉండాది. జరుగుతాండాది."